చిలక తిరగబడిన రోజు

నా కుర్చీ కిందికి నీళ్లు తెచ్చిన యంత్రానికి ప్లగ్గు పెట్టింది నేనే. వైరు బిగించింది నేనే. దాని రిమోటులో బ్యాటరీలు వేసిందీ నేనే. మొదటిసారి తలకిందులుగా వేశాననుకోండి, కానీ పట్టుదలగా తీసి మళ్లీ సరిగ్గా వేశాను. అది చాలదన్నట్టు, నేను చేసిన పొరపాటొకటి ఆ యంత్రానికి గొప్ప పేరు తెచ్చిపెట్టింది. ఇంత తెలివైనవాడు మా శాఖలో ముందూ లేడు, తర్వాతా రాడని మా ఆవిడ అంటుంది. ఆవిడకు అతిశయోక్తుల అలవాటు లేదు.

నా ఉద్యోగం పేరు ప్రొజెక్టర్ ఆపరేటర్. ఈ మాట వింటే ఇప్పటి కుర్రవాళ్లకు నవ్వొస్తుంది, ప్రొజెక్టర్ నడపడానికి ఒక మనిషా అని. ఒక మనిషేనండి, అదీ జీతమిచ్చి మరీ. విజయవాడలో చేనేత పనివాళ్లకు, అద్దకం పనివాళ్లకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో పనిచేసేవాణ్ణి. ఊరూరా తిరిగి పాత బట్టల మీది డిజైన్లు తెర మీద వేసి చూపించడం మా పని. చూపించేది నేను, చెప్పేది మేడమ్ గారు. ఆవిడ డిజైన్ పాఠాలు చెప్పే లెక్చరర్.

అప్పటి మిషన్ స్లైడ్లది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద అట్ట చట్రంలో చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది. దాన్ని తలకిందులుగా పెడితేనే తెర మీద బొమ్మ నిటారుగా నిలబడుతుంది. తలకిందులుగా పనిచేసి సరైన ఫలితం చూపించిన ప్రభుత్వోద్యోగం నాకు తెలిసి అదొక్కటే. తలకిందులు సరే, పొరపాటున స్లైడు వెనకది ముందుకు పెట్టామంటే కుడి ఎడమలు మారిపోతాయి. కొత్తలో ఒకసారి అలాగే ఒక నెమలిని అటు తిప్పి చూపించాను. ఆ రోజు మేడమ్ గారు అందరి ముందూ ఏమీ అనలేదు. తిరుగు బస్సులో అన్నారు.

"ఆపరేటర్ గారూ, మీరు నెమలిని అటు తిప్పితే అది అటే తిరిగిపోతుందండీ. పాత గుడ్డ పోయాక మిగిలేది ఈ బొమ్మే గదా."

మర్నాడు ప్రతి స్లైడు మూలనా ఎర్ర చుక్క పెట్టాను, చుక్క నా బొటనవేలి కిందికి వస్తే స్లైడు సరిగ్గా ఉన్నట్టు. ఆ ఎరుపు మా ఆవిడ గోళ్లరంగు. సీసా ఎందుకు ఖాళీ అయిందో చెప్పడానికి ఆ రాత్రి నేను పడ్డ పాట్లు వేరే వ్యాసం.

పాఠం జరిగేటప్పుడు మేడమ్ గారు తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడేవారు. నేను జనం వెనక మిషన్ దగ్గర. మా ఇద్దరి మధ్య జనం, చీకటి. మొదట్లో "నెక్స్ట్ అండీ" అనేవారు. కొన్నాళ్లకి "ఊఁ" అనేవారు. తర్వాత్తర్వాత అదీ పోయింది. మాట చివర ఆవిడ గొంతు కాస్త దిగేది, ఆ దిగడంలో నేను మీట నొక్కేవాణ్ణి. ఆవిడ తల తిప్పేసరికి కొత్త బొమ్మ సిద్ధంగా ఉండేది. ఒక్కోసారి ఆ గొంతు దిగకముందే నొక్కేసేవాణ్ణి.

"తొందరపడ్డారండీ," అనేవారు ఆవిడ చీకట్లోంచి.

"ఆయనకి బస్సు టైమైందమ్మా," అని ఎవరో ఒకరు అందించేవారు. హాలంతా నవ్వు. ఆ నవ్వులో ఆవిడ నవ్వు ఏదో నేను విడిగా పట్టుకోగలిగేవాణ్ణి.

ఇంతకుమించి ఏమీ లేదు, మీరు ఇంకేదో ఊహించుకోకండి. ఆవిడకు సంసారం ఉంది, నాకూ ఉంది, ఇద్దరివీ నిక్షేపంగా ఉన్నాయి. కానీ ఒక మనిషి మాట ఎక్కడ ఆగుతుందో ఇంకో మనిషికి ముందే తెలియడమనేది పెళ్లిళ్లలోనే అరుదు, ఉద్యోగాల్లో సంగతి చెప్పాలా. బందరు రోడ్డు మీద బస్సులో ఆవిడ ముందు ఆడవాళ్ల సీట్లో, నేను వెనక మిషన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని. దానికి కూడా టికెట్ కొట్టమంటారా అని కండక్టర్లు వేళాకోళమాడేవారు. ఉయ్యూరులో బస్సు ఆగితే టీ తాగేవాళ్లం. అంతే మా చరిత్ర.

తర్వాత బల్బులు దొరకడం మానేశాయి. విజయవాడలో తిరగని షాపు లేదు. "ఇంకా ఆ మిషన్ వాడతన్నారా అండీ," అని జాలిగా చూసేవాళ్లు తప్ప బల్బిచ్చినవాళ్లు లేరు. ఇటు స్లైడ్లకు బూజు పట్టింది. అద్దకం పువ్వుల మీద బూజు పువ్వులు పూశాయి. మేడమ్ గారు బాగున్నవన్నీ ఏరి కంప్యూటర్లోకి ఎక్కించారు. అప్పుడు వచ్చింది డిజిటల్ ప్రొజెక్టర్. దాంతోపాటు అరచేతిలో పట్టే రిమోటు. కంపెనీ మనిషి ఒకసారి వెలిగించి చూపించి, "చాలా ఈజీ అండి, అంతా రిమోట్‌లోనే ఉంది," అని వెళ్లిపోయాడు. అంతా రిమోట్‌లో ఉంటే ఇక నాలో ఏముంటుందన్న ప్రశ్న నాకు ఆ క్షణంలో తట్టలేదు.

డైరెక్టరు గారికి తట్టింది. ఆయన కొత్తగా వచ్చారు. చెడ్డవారు కాదు, చురుకైనవారు. మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు.

ఇక్కడ మేడమ్ గారి ఆశ గురించి చెప్పాలి. పెడనలో అచ్చులతో అద్దకం వేస్తారు. చెక్క మీద డిజైన్ చెక్కి, రంగులో ముంచి, గుడ్డ మీద కొడతారు. పాతకాలపు అచ్చులు చాలా అరిగి విరిగి పోయాయి. అమ్ముడయ్యే నాలుగు డిజైన్లే మళ్లీ మళ్లీ చెక్కుతున్నారు. పాత గుడ్డల మీది చిలకలు, తీగలు మళ్లీ చెక్కించాలని మేడమ్ గారు ఏళ్ల తరబడి ఫొటోలు తీసి పెట్టుకున్నారు. అచ్చులు చెక్కేవాళ్లు ఒప్పుకోవాలి, డైరెక్టరు గారు మంజూరు చెయ్యాలి. ఆ రెండూ ఒకే రోజు, పెడనలో జరిగే కార్యక్రమంలో తేలాలి.

"కొత్త ప్రొజెక్టర్ మీద మీ పాఠం నేనే వచ్చి చూస్తానండీ," అన్నారు డైరెక్టరు గారు ఆవిడతో. "బాగా జరిగిందా, మీ అచ్చుల పని శాంక్షన్. జరగలేదా, చూపించలేనిదానికి నేను పైవాళ్లకేం రాస్తాను చెప్పండి?" తర్వాత నా వైపు తిరిగారు. "బాగా జరిగితే ఇక ఆపరేటర్ అవసరం ఉండదు. మేడమ్ గారే రిమోట్‌తో చూసుకుంటారు. మీకు భవానీపురం స్టోరు ఇద్దాం. మీ ఇల్లు అక్కడే గదా, హాయిగా నడిచి వెళ్లొచ్చు."

బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాం. లెక్క తేలిగ్గానే ఉంది. ఆవిడ చిలకలు బతకాలంటే నేను స్టోరుకి పోవాలి. నేను ఉండాలంటే ఆ చిలకలు పెట్టెలోనే ఉండిపోవాలి.

"పాత మిషనే కావాలని అడగనా అండీ?" అన్నారు మేడమ్ గారు.

"బల్బు లేని మిషన్ తీసుకెళ్లి ఏం చేస్తాం మేడమ్? చీకటి మాత్రం బాగా చూపించొచ్చు."

ఆవిడ నవ్వలేదు.

మా కేంద్రంలో పైన ఒక గదిలో తలుపులు మూసి సాధన మొదలుపెట్టాం. ప్రొజెక్టర్ వెలిగింది. గోడ మీద నీలం రంగు, మధ్యలో సిగ్నల్ లేదని ఇంగ్లీషు అక్షరాలు. వైరు తీసి పెట్టాను. సిగ్నల్ లేదు. ఇటు చివర అటు, అటు చివర ఇటు మార్చాను. లేదు. ఇక నాకు తెలిసిన ఒకే విద్య చేశాను, లెన్సు తుడిచాను. నీలం ఇంకా స్వచ్ఛంగా వచ్చింది.

"పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టున్నాయండీ రెండూ," అన్నారు మేడమ్ గారు, ప్రొజెక్టర్నీ కంప్యూటర్నీ చూస్తూ. "ఎదురెదురుగా ఉన్నాయి, ఏదీ నోరు విప్పదు."

ముందు మాట్లాడాల్సింది కంప్యూటరని తర్వాత తెలిసింది. పై వరసలో చిన్న తెర బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంది. దాన్ని కింద మూలనున్న ఇంకో మీటతో కలిపి నొక్కితే బొమ్మను బయటికి పంపుతుంది. అది నొక్కగానే గోడ మీద, క్యాలెండర్ మీద, సగం తలుపు మీద మేడమ్ గారి పూలతీగ పాకింది. మర్నాటికి ఇంకో సంగతి తెలిసింది. ఇంకో సన్న వైరు కూడా తగిలిస్తేనే రిమోటు మాట కంప్యూటర్ వింటుంది. అదీ తగిలించాను. ఆవిడ రిమోటు పట్టుకుని నొక్కారు. బొమ్మ మారింది. మళ్లీ నొక్కారు. మళ్లీ మారింది.

ఆవిడ నొక్కిన ప్రతిసారీ నా బొటనవేలు కుర్చీ చేతి మీద తనంతట తానే కదులుతోంది. ఆవిడ అది చూశారు.

"మీరే పట్టుకోండి. నేను చెప్తుంటాను, మీరు నొక్కండి."

"దూరం నుంచి పనిచేసేదాన్ని తెచ్చి మళ్లీ దూరంగా ఉన్న నాకిస్తే ఎట్లా మేడమ్? డైరెక్టరు గారు చూసేది మీ చేతినే. అలవాటు చేసుకోండి."

నేర్పాను. నిజానికి బాగానే నేర్పాను. ఏది ముందు వెలిగించాలో, ఆపాక ఫ్యాను ఆగేదాకా ప్లగ్గు ఎందుకు పీకకూడదో, అన్నీ. ఆవిడ బుద్ధిగా తల ఊపుతుంటే, నా ఉద్యోగాన్ని ముక్కలు చేసి ప్యాకెట్లు కడుతున్నట్టుండేది.

పెడనలో అద్దకం పనివాళ్ల సంఘం హాలు. అద్దకానికి ఉడకబెట్టి ఆరేసిన తెల్లగుడ్డనే తెరగా కట్టించాను. కిటికీలకు దుప్పట్లు. అచ్చులు చెక్కేవాళ్లు చాపల మీద కూర్చున్నారు, అందరికన్నా ముందు వాళ్లలో పెద్దాయన. బల్ల ఎత్తు చాలక బొమ్మ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా పడింది. దాన్ని సరిచేసే చోటు కోసం రిమోటుతో మెనూలోకి వెళ్లాను. అంతలో బయట జీపు ఆగిన చప్పుడు. డైరెక్టరు గారు వస్తున్నారని అందరూ లేచారు. కంగారులో వేలు ఎక్కడ పడిందో తెలియదు. ఏదో నొక్కాను, మెనూ మూసేశాను, చేతులు జోడించాను. వెనక్కి తిరిగి చూస్తే బొమ్మ తెర నిండా ఉంది. మేడమ్ గారికి రిమోటు ఇచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పాఠం మొదలైంది. ఆవిడ బొమ్మల్లో ఎప్పుడూ అక్షరాలు పెట్టరు. అక్షరాలు చూస్తే జనానికి బడి గుర్తొచ్చి నిద్రొస్తుందనేవారు. పూలు, తీగలు, అంచులు ఒకటొకటే వస్తున్నాయి. ఆవిడ గొంతు దిగుతోంది, బొమ్మ మారుతోంది. నేను లేకుండానే మారుతోంది. అందులో ఒక్క తప్పు కూడా లేదు. ఒక్క తప్పు ఉన్నా బాగుండునని ఒకవైపు, వద్దు వద్దని ఇంకోవైపు, నా లోపల నేనే రెండు జట్లుగా విడిపోయాను.

చిలక వచ్చింది. ఆవిడకు ప్రాణమైన చిలక. "ఈ చిలక చూడండీ, ఎడమ పక్కనున్న తీగని ముక్కుతో," అంటూ బెత్తం ఎత్తి ఆగిపోయారు. బెత్తం చూపించిన చోట చిలక తోక ఉంది.

ఆవిడ ఎక్కడ ఆగినా ఎందుకు ఆగారో నాకు తెలిసేది. ఇప్పుడూ తెలిసింది. తెర వెనక నుంచి వేసేటప్పుడు బొమ్మను తిప్పి చూపించే ఏర్పాటు ఆ ప్రొజెక్టర్లో ఉంది. నా వేలు పడింది దాని మీద. మొదటి నుంచీ అన్ని బొమ్మలూ కుడి ఎడమలు మారి పడుతున్నాయి. నేను లేచాను. చాపల మధ్య నుంచి ముందుకు నడిచాను.

"ఏమ్మా ఆపారు?" అన్నాడు ముందు కూర్చున్న పెద్దాయన.

"చిలక తిరగబడిందండీ. పొరపాటు జరిగింది. ఒక్క నిమిషంలో సరిచేస్తారు."

"తిరగబడిందా?" ఆయన పక్కవాళ్ల వైపు చూశాడు. "ఏరా, మీకేమైనా తెలిసిందా?"

"బాగానే ఉందిగా బాబాయ్," అన్నారెవరో.

"మాకిదే సరిగ్గా ఉందమ్మా," అన్నాడు పెద్దాయన. "చెక్క మీద మేం చెక్కేది ఇట్టాగే గదా. గుడ్డ మీద కొట్టాక అది అటు తిరుగుద్ది. పొద్దస్తమానం చూసేది ఇట్టాగే కాబట్టి మాకు తేడా తెలవలా. ఈసారి మా కోసం తిప్పి తెచ్చారనుకున్నాం. ఉంచండి, ఉంచండి. మెడ కాడ గీత ఎట్టా తిప్పాడో ఇప్పుడు తేటగా కనపడతంది."

ఆయన లేచి తెర దగ్గరికి వెళ్లాడు. ఇంకొందరు లేచారు. తెల్లగుడ్డ మీద వేళ్లతో గీతలు పట్టుకుంటూ వెళ్లారు. ఉలి ఎక్కడ ఆనాలి, ఎక్కడ ఆగాలి అని వాళ్లలో వాళ్లే వాదించుకోవడం మొదలుపెట్టారు. చిలక వాళ్ల వీపుల మీద, తలల మీద పడుతోంది. మేడమ్ గారు బెత్తం దించి పక్కకు జరిగి నిలబడ్డారు. ఆ వెలుగులో ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ కనపడుతుంది.

డైరెక్టరు గారు ఉత్సాహంగా ముందుకొచ్చారు. "ఇలా తిప్పి కూడా చూపించొచ్చా దీంట్లో? ఎలా చేశారండీ?"

"నొక్కితే తిరిగింది సార్," అన్నాను. అందులో అబద్ధం లేదు.

"బ్రహ్మాండం. పాత మిషన్లో ఇది కుదిరేదా?"

పాత మిషన్లో స్లైడు తీసి వెనకది ముందుకు పెడితే చాలు. దానికోసమే తిట్లు తిన్నాను, గోళ్లరంగు దొంగిలించాను. ఆ మాట చెబితే కొత్త యంత్రం మెరుపు కాస్త తగ్గేది. ఏమో, మనిషి కూడా ఉండనీ అనుకునేవారేమో. మేడమ్ గారికీ ఆ సంగతి తెలుసు. నేనేం చెప్తానోనని నా వైపే చూస్తున్నారు. ఆవిడ వెనక చిలక, చిలక చుట్టూ వేళ్లు. డైరెక్టరు గారి ఉత్సాహం వేడి మీద ఉంది. ఆ వేడి చల్లారితే ఏమవుతుందో శాఖలో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

"కుదరదు సార్," అన్నాను.

ఆయన అక్కడికక్కడే అచ్చుల పనికి మంజూరు ప్రకటించారు. వారం తిరక్కుండా నా స్టోరు ఉత్తర్వూ వచ్చింది.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఆడవాళ్ల సీట్లు ఖాళీగా ఉన్నా మేడమ్ గారు వెనక్కి వచ్చి నా ముందు సీట్లో కూర్చున్నారు.

"ఎందుకు కుదరదన్నారు?"

"గోళ్లరంగు అయిపోయింది మేడమ్."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. ఉయ్యూరులో బస్సు ఆగినా టీకి దిగలేదు.

స్టోరు పని గురించి చెప్పడానికేమీ లేదు. గుడ్డ వస్తుంది, గుడ్డ పోతుంది. మొదట్లో మేడమ్ గారు ఊళ్ల నుంచి ఫోన్ చేసేవారు. "ఆపరేటర్ గారూ, మళ్లీ నీలం వచ్చిందండీ." నేను బేళ్ల మధ్య నిలబడి, "ముందు ప్రొజెక్టర్ వెలిగించారా? ఆ రెండు మీటలూ కలిపి నొక్కండి," అని చెప్పేవాణ్ణి. అవతల బొమ్మ పడగానే జనం చేసే చిన్న చప్పుడు ఫోన్లో వినపడేది. అది విని పెట్టేసేవాణ్ణి. ఎక్కడో ఘంటసాలలోనో, బంటుమిల్లిలోనో వైరు వదులై ఉండాలని కోరుకున్న రోజులున్నాయి.

తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆవిడకు అంతా వచ్చేసింది. నేర్పినవాడిగా నేను సంతోషించాలి. ఫోన్ మోగని వారం వచ్చిందంటే నా విద్యార్థి పాసైనట్టు. అలా వరసగా పాసవుతూనే ఉన్నారు. తర్వాత ఆవిడ రిటైరై కూచిపూడి దగ్గర సొంతూరికి వెళ్లిపోయారు. స్టోరుకి కొత్త చిలకల గుడ్డ వచ్చినప్పుడల్లా చిలక ఎటు చూస్తోందో చూసేవాణ్ణి. సరైన వైపే చూసేది.

ఇది చదివే పిల్లలూ, మీకు ఒక సంగతి చెప్పాలనే ఇదంతా రాశాను. యంత్రం మీద నాకేం కోపం లేదు. నా మిషన్ కూడా ఎవడో ఒకడి పొట్ట కొట్టే వచ్చి ఉంటుంది. పని పోయినందుకు కాదు దిగులు. ఆవిడ మాట్లాడుతుంటే చీకట్లో కూర్చుని, ఆ మాట ఆగే చోటు కోసం ఎదురుచూసే అవసరం మళ్లీ నాకెవరూ ఇవ్వలేదు.

ఇక నా రిటైర్మెంటు రోజు. కేంద్రంలోనే సభ. అప్పటి డైరెక్టరు గారే ఇంకో మెట్టెక్కి ముఖ్య అతిథిగా వచ్చారు. మేడమ్ గారు పనిగట్టుకుని బస్సెక్కి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చున్నారు. డైరెక్టరు గారు నా సర్వీసు ఫొటోలు తానే పోగుచేసి తెచ్చారట. అభిమానమే, కాదనను. లైట్లు ఆర్పించి, రిమోటు పట్టుకుని మాట్లాడుతూ రెండు బొమ్మలు చూపించారు. మూడోదానికి చెయ్యి ఊపుతూ ఏదో నొక్కారు. తెర చీకటైపోయింది.

మిషన్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. బొమ్మను తాత్కాలికంగా దాచే బటన్ ఒకటుంటుంది, ఆయన నొక్కింది దాన్నే. మళ్లీ నొక్కితే బొమ్మ వస్తుంది. ఆయన అది తప్ప మిగతావన్నీ నొక్కుతున్నారు.

మేడమ్ గారు నా వైపు వంగారు. "దాచేది నొక్కారండీ ఆయన."

"అవును మేడమ్."

"చెప్పనా?"

"మీకేమైనా తొందరా?"

ఆవిడ కాస్త ఆలోచించారు. "లేదండీ. మా ఊరికి చివరి బస్సు దాకా బస్సులే," అని, ఫలహారం పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టారు.

"ఏవండీ," అన్నారు డైరెక్టరు గారు వేదిక మీంచి, "మీకు తెలుసుగా, ఒకసారి వచ్చి చూస్తారా?"

దండ సర్దుకుని లేచాను. చేతులు జోడించాను. "గుడ్డల సంగతైతే చెప్పగలను సార్, స్టోరు మనిషిని," అని కూర్చున్నాను.

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, కళ్లద్దాలు పెట్టుకుని, రిమోటును దగ్గరగా పట్టుకుని ఒక్కొక్కటే నొక్కడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో మేమిద్దరం చీకట్లో తెరకు ఒకే వైపున, పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి. మేడమ్ గారు కారప్పూస నములుతూ వాళ్లూరి కబుర్లు మొదలుపెట్టారు. రిమోటు మీద అన్ని బటన్లు ఎందుకు పెడతారో అని ఎప్పుడూ విసుక్కునేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఇంకో నాలుగు ఉన్నా బాగుండుననిపించింది.